కొల్లేటి చేప, పిల్లవాని కంచము

కృష్ణా గోదావరుల డెల్టాలకు నడుమ, బుడమేరు తమ్మిలేరుల వరదనీటిని తనలో నిలుపుకొని ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు విడుచు కొల్లేటి సరస్సును ఆశ్రయించిన సీమను చూచినవారెవ్వరును ఇచటి బిడ్డకు పోషణ లోపించునని తలపరు. సార్వా దాళ్వాలు రెండును పండు వరిచేలు, తాడేపల్లిగూడెం మార్కెట్టులో గుట్టలుగా పడు ఉల్లిపాయలు, మెట్టన అరటి, కొబ్బరి, జామ, నిమ్మ తోటలు, మంచుగడ్డల మధ్య పేర్చబడి లారీలపై కలకత్తాకు తరలిపోవు శీలావతి, బొచ్చె చేపలు, ఇవన్నియు ఒక్క ప్రాంతమున కలసి కానవచ్చుట దేశమున అరుదు. అయినను 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదనియు, ఆరు నెలలు మొదలు ఐదేండ్ల వరకు గల పిల్లలలో నూటికి 63 మంది రక్తహీనతతో నున్నారనియు తేల్చినది. గాదె నిండిన యింట బిడ్డ రక్తము పలుచనగుటకు కారణమేమి?

సమృద్ధి నడుమ లేమి మన జిల్లాలకు క్రొత్త గాదు. ఉత్తర సర్కారులని పిలువబడిన ఈ కోస్తా జిల్లాలు గత శతాబ్ది పూర్వార్ధమున బెరిబెరి వ్యాధికి పేరుపడిన తావులు. కాళ్ళు తిమ్మిరెక్కి, దేహము నీరుపట్టి, గుండె సడలిపోవు ఆ వ్యాధికి మూలము బియ్యపు పైపొరను తొలగించుటయే యని తెలియుటకు తొలిదారి చూపినవాడు జావాద్వీపమున కోళ్ళపై పరిశోధన చేసిన ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు. ఆ కృషికే 1929లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. మన దేశమున ఆ వ్యాధిని శోధించుటకై 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ఆరంభించిన పరిశోధనశాలయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలయుచున్నది. వడ్లను ఉడికించి ఆడించినచో తవుటిలోని బి1 విటమిను కొంత గింజలోనికి దిగి నిలుచును. పచ్చివడ్లను మరపట్టి తెల్లబరచినచో అది తవుటితో పాటు పోవును. గోదావరి జిల్లాల మిల్లులు బొండాలను ఉడికించి ఆడించి కేరళకు పంపుచుండగా, ఇచటి గృహస్థు మాత్రము మల్లెపూవు వంటి అన్నమునే గౌరవముగా నెంచినాడు. బెరిబెరి నేడు కనుమరుగైనది. కడుపు నిండినచో పోషణ జరిగినట్లేయను భావము మాత్రము పోలేదు. ఆ భావమునే నేటి వ్యాపారము చక్కగా వాడుకొనుచున్నది.

ఏలూరులో గాని తాడేపల్లిగూడెములో గాని ఏ బడి వద్దనైనను ఉదయము తొమ్మిదింటి వేళ కొంతసేపు నిలిచి చూడుడు. బడ్డీకొట్టు చూరునుండి ఐదు రూపాయల పొట్లములు దండలుగా వ్రేలాడుచుండును. మోటారుసైకిలు ముందుభాగమున కూర్చున్న పసివాడు వ్రేలు చూపగనే తండ్రి ఇంజనునైనను ఆపక చేయి చాచి దండనుండి ఒక పొట్లమును తుంచి ఇచ్చును. వాడు దానిని పంటితో చించి, బడిగంట మ్రోగులోపల వ్రేళ్ళకంటిన పసుపుపచ్చని మసాలాను సయితము నాకి ముగించును. ఆ పొట్లములో నున్నది పిండి, ఉప్పు, రుచిపొడి, పామోలిన్ నూనె. ఏలూరునకు చేరువనున్న పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధనకై జాతీయ సంస్థయే నెలకొన్నంతగా ఈ సీమలో పెరిగిన పంటనుండి వచ్చు ఆ నూనెలో దాదాపు సగము సంతృప్తమైన కొవ్వు. రైతును గాని పంటను గాని నిందించుట నా ఉద్దేశము కాదు. కూరలో చెంచాడు వేసిన నూనెకును, పొట్లము నిండ ఇంకిన నూనెకును గల భేదమును మాత్రమే చెప్పుచున్నాను.

ఇట్టి తిండి మితము తప్పించుననుటకు ప్రమాణము కలదు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనశాలలో కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు ఇరువది మంది వయోజనులకు రెండు వారములు కర్మాగారపు తిండిని, రెండు వారములు ఇంటివంటను బోలిన తిండిని, ఇష్టము వచ్చినంత తినుడని పెట్టగా, వారు మొదటిదానితో దినమునకు సుమారు 500 కిలోకాలరీలు అధికముగా తినిరి. వడ్డించిన భోజనములలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సరిసమానముగనే యుండెను. చాలునను తెలివి పెద్దలకే తప్పిన చోట పసివారికి నిలుచునని ఎట్లు ఆశింతుము?

చక్కెర లెక్క యింకను స్పష్టమైనది. భారత వైద్య పరిశోధనా మండలి నిర్ణయము ప్రకారము నాలుగు మొదలు ఆరేండ్ల బిడ్డకు దినమునకు కావలసిన శక్తి సుమారు 1,360 కిలోకాలరీలు. పైనుండి కలుపు చక్కెర ఇందులో పదవ వంతు మించరాదనియు, ఇరువదవ వంతునకు తగ్గించిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. అనగా గరిష్ఠము 34 గ్రాములు, మేలైనది 17 గ్రాములు. పావులీటరు కూల్‌డ్రింకులో సుమారు 25 గ్రాముల చక్కెర యుండును. పెండ్లి పందిట ఒక్క సీసా త్రాగిన బిడ్డకు ఆనాటి మేలైన పరిమితి అచటనే దాటిపోయినది.

ఇట్టి తిండి మేలు కాదని తల్లిదండ్రులకు తెలియక కాదు. తెల్లవారకముందే చేపల చెరువు పట్టుబడికి పోవు తండ్రికి, నాట్లకో రొయ్యల శుభ్రతకో పోవు తల్లికి, ఏడ్చు బిడ్డ చేతిలో పెట్టుటకు ఐదు రూపాయలకు దొరకునది పొట్లమొక్కటే. టీలో ముంచిన బిస్కెట్టుతో ప్రొద్దు గడుపు పల్లెలు లంకలలో ఎన్నో కలవు. ఆ టీలోని టానిన్లు ఆహారమందలి ఇనుమును దేహమునకు పట్టనీయవు. ఒక జామపండు ముక్కలోని సి విటమిను అదే యినుమును పట్టించును. ఇంత చిన్న సంగతి ఆ తల్లికి చెప్పినవారు లేరు. ఆమెను నిందించుటకు నాకు నోరు రాదు.

రుచి పుట్టుక మాతృగర్భముననే ఆరంభమగును. తీపిని కోరుట, చేదును త్రోయుట శిశువునకు సహజము, తక్కినదంతయు అలవాటు. గర్భిణి దశలోనో పాలిచ్చు దశలోనో క్యారెట్ రసము త్రాగిన తల్లుల శిశువులు తరువాత ఆ రుచిగల ఆహారమును ఇతర శిశువులకన్న ప్రసన్నముగా స్వీకరించిరని 2001లో అమెరికాకు చెందిన జూలీ మెనెల్లా నిరూపించినది. తల్లి తిన్నదాని వాసన ఉమ్మనీటికిని, పాలకును చేరును. ఈ దృష్టితో చూచినచో బాలింతకు నెలల తరబడి కారప్పొడి అన్నముతోనే పథ్యము పెట్టు మన ఆచారము పునర్విమర్శకు తగినది. ఆరవ మాసమున అన్నప్రాశన చేయు ఆచారమో, నేటి వైద్యశాస్త్రము చెప్పు వేళతో సరిగా కలియుచున్నది. అయితే ఆ దినము ముట్టించిన పాయసముతో ఆగక, మెత్తని పప్పన్నము, చిదిమిన గుడ్డు, ఆకుకూర వరుసగా రావలెను. ఆకుకూరలోని ఫోలిక్ ఆమ్లమునకు రక్తోత్పత్తితో గల సంబంధమును ఈ సీమ మరువరాదు. ఆ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావే.

రెండేండ్లు నిండినది మొదలు బిడ్డ క్రొత్త వస్తువును చూచి మూతి త్రిప్పును. ఈ దశలోనే తల్లిదండ్రులు ఓడిపోవుచున్నారు. రెండు దినములు పొన్నగంటి కూర పెట్టి, వాడు ఉమ్మివేయగా, "మావాడికి ఆకుకూర పడదండీ" అని తీర్మానించి నూడుల్సు పొట్లము విప్పుదురు. లీయన్ బర్చ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఈ విషయముపై దశాబ్దముల తరబడి పనిచేసినది. తెలియని పదార్థములను మరల మరల రుచిచూపగా రెండేండ్ల పిల్లలు ఎక్కువమారులు చూచినదానినే ఎక్కువగా కోరిరని 1982లో ఆమె చూపినది. పదిసార్లో పదునైదుసార్లో నాలుకకు తగిలినగాని కొన్ని రుచులు ఇమడవు. బలవంతము లేక, కంచములో గోరంత ఉంచుట చాలును; తినకున్న మాటాడక తీసివేయవలెను.

లంచము మరింత చెడ్డది. "పాలు తాగితే చాక్లెట్ ఇస్తానమ్మా" అను మాట ప్రతి యింట వినబడును. ఒక పానీయమును త్రాగినచో బహుమానమిత్తుమని చెప్పి త్రాగించిన పిల్లలు కొలది దినములలో ఆ పానీయమునందే ఇష్టమును కోల్పోయిరని 1984లో బర్చ్ బృందము కనుగొన్నది. బహుమానమిచ్చి మ్రింగింపవలసినది చెడ్డదే యైయుండునని పసిమనసు గ్రహించును. కఠిన నిషేధము సయితము ఫలింపదు. బల్లపై కంటికి కనబడునట్లు పెట్టి, కొంత వేళ మాత్రమే ఇచ్చిన తినుబండారమును గూర్చి పిల్లలు అడుగుట, ఆరాటపడుట హెచ్చినదని 1999లో ఆమెయే నిరూపించినది. కావున బీరువా పైఅరలో బిస్కెట్లు దాచి "ఆదివారం ఇస్తాను" అనుటకన్న, వాటిని బజారునుండి తేకుండుట మేలు. ఏమి వండవలెను, ఎప్పుడు పెట్టవలెను అనునది పెద్దల అధికారము. ఎంత తినవలెననునది బిడ్డ ఆకలికి వదలవలెను. సెల్‌ఫోను చూపుచు అన్నము కుక్కునప్పుడు ఈ రెండవ అధికారమే హరింపబడుచున్నది; కడుపు నిండినదను కబురు మెదడునకు చేరకముందే కంచము ఖాళీయగును.

ఇందు తండ్రుల పాత్రను ఎవ్వరును ప్రస్తావింపరు. రాత్రి పదింటికి మిర్చిబజ్జీల పొట్లముతో ఇల్లు చేరి, కూరలో వంకాయను ఏరి ప్రక్కన పెట్టు తండ్రి ఎదుట కూర్చున్న కుమారునికి తల్లి చెప్పు ఏ హితమును చెవికెక్కదు.

ఇక కొల్లేటి చేప. లంక గ్రామములలో పరిగెలను గరుకుబండపై బూడిదతో రుద్ది, పొలుసు పోవువరకు కడిగి, చింతపులుసులో వేసి దగ్గరగా ఉడికించి, "నమిలెయ్‌రా, ముల్లు మెత్తగానే ఉంటాది" అని మామ్మలు మనుమలకు తలతో సహా పెట్టెడివారు. శీలావతి ముక్కలో ముల్లు పారవేయుదుము. చిన్నచేపలో అది కడుపులోనికి పోవును, దానితో సున్నపుధాతువును పోవును. బంగ్లాదేశమున మోలా అను చిన్నచేపను తలతో సహా తినినచో విటమిను ఏ, ఇనుము, జింకు విశేషముగా లభించునని చూపి, దానిని పెద్దచేపలతో పాటు చెరువులలో పెంచు పద్ధతిని వ్యాప్తిచేసిన శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమానము వచ్చినది. మనమో, కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ పట్టికకెక్కి, 2006లో చేపలచెరువుల గట్లు పగులగొట్టబడిన తరువాతను, చిన్నచేపను చెరువులలో కలుపుమొక్కగనే చూచుచున్నాము. బజారులో పరిగెలు దొరకిన దినము వదలవలదని కొనువారిని కోరుచున్నాను. పసిపిల్లలకు ముల్లు భయమున్నచో ఎండబెట్టి, వేయించి, మెత్తగా పొడిచేసి పప్పన్నములో కలుపవచ్చును. చేప తినని యిండ్లకు రాగులున్నవి: నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. నువ్వులుండ, సున్నుండ, వేరుసెనగ ఉండ బడిసంచిలో పట్టును. తేగల కాలమున తేగలు కలవు.

బడి కొంత చేయుచున్నది. 2024 నుండి డొక్కా సీతమ్మ పేరట సాగుచున్న మధ్యాహ్న భోజనమున గుడ్డు, చిక్కీ, రాగిజావ చేరియున్నవి. తోటిపిల్లలు తినుచుండగా చూచిన బిడ్డ తాను వలదనిన కూరను తినసాగునని బర్చ్ 1980లోనే చూపినది గనుక, పంక్తిభోజనమున కూర్చుండవలసిన పిల్లవానికి ఇంటినుండి చిప్సు కట్టి పంపుట ఆ మేలును చెరుపుటయే.

చట్టమును మన పక్షముననే యున్నది. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను బడి ఆవరణలోను, బడి గేటునుండి ఏ దిక్కునకైనను యాభై మీటర్ల లోపలను పిల్లలకు అమ్మరాదని, ప్రకటింపరాదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమము చేసినది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతముల తల్లిదండ్రులకు నా మనవి ఇది: రేపు బిడ్డను దింపి వచ్చునప్పుడు మీ బడి గేటునుండి యాభై మీటర్లు నడచి, ఆ దూరములో ఏమేమి వ్రేలాడుచున్నవో చూచి, తల్లిదండ్రుల కమిటీ వచ్చు సమావేశమున ఆ సంగతిని వ్రాతపూర్వకముగా ప్రధానోపాధ్యాయుల ముందుంచుడు. కొట్టు నడుపువాడును పిల్లలు గలవాడే. ఉండలు, జామకాయలు, ఉడికించిన సెనగలు అమ్ముమని ముందుగా అతనినే అడుగుడు.