నీటిలో విజయపురి, కొండపై జ్ఞాపకము

పైరుకు నీరు కావలెను. జాతికి జ్ఞాపకము కావలెను. ఈ రెండింటి నడుమ వెలసినదే నాగార్జునకొండ ప్రదర్శనశాల.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలములు 1926లో వెలుగు చూచినవి. సాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ మునుగక తప్పదు. పురావస్తుశాఖవారు 1954 నుండి 1960 వరకు లోయనంతటిని శోధించిరి. కొన్ని కట్టడములను విప్పి, కొండపైకి చేర్చి, మరల నిలిపిరి.

ఆ కొండయే నేటి ద్వీపము. అచట 1966లో తెరచిన ప్రదర్శనశాలలో రాతియుగపు పనిముట్లు, జాతకకథల సున్నపురాతి శిల్పములు, బ్రాహ్మీలిపిలోని ప్రాకృత శాసనములు కలవు. మహాచైత్యమును కట్టించిన చాంతిసిరి, వీరపురుషదత్తుని మేనత్త, మనకు తెలియుట శాసనముల చలవయే.

ఉపాధ్యాయులు పిల్లలకు మొదట చూపవలసినది మునిగిన లోయ నమూనా. మన పొలములను తడుపు నీరు ఒక నగరమును కప్పియున్నదని వారెరుగవలెను.