హెచ్-4 మీద టీనేజ్

ఎనిమిదో తొమ్మిదో చదువుతున్న పిల్లల్ని హెచ్-4 డిపెండెంట్ వీసాతో వెంటబెట్టుకుని హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అమెరికా వెళ్లేవాళ్లకు విమానం ఎక్కకముందే చుట్టాలు బోలెడు భరోసా ఇచ్చేస్తారు. అందులో సగం వాట్సాప్ సరుకే.

అపోహ: ఇంగ్లిష్ మీడియం పిల్ల, భాషకేం ఇబ్బంది?

బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. క్లాసు ఫస్టు వచ్చిన పిల్లకు పరీక్షేమిటని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇంగ్లిష్ అందని పిల్లలకు సాయం చేయకపోవడం వివక్షేనని 1974లోనే అక్కడి సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికోల్స్ కేసులో తేల్చింది. నిజానికి మన పిల్లలు తడబడేది క్లాసులో కంటే లంచ్ టేబుల్ దగ్గరే. అక్కడి మాటల వేగానికీ, యాసకూ, తాము చూడని షోల మీద పేలే జోకులకూ ఏ ట్యూషనూ లేదు.

అపోహ: ఇక్కడి మార్కులతో ఇక పనిలేదు.

అక్కడ హైస్కూల్ తొమ్మిదో తరగతితో మొదలవుతుంది. కాలేజీలు ఆ నాలుగేళ్ల మార్కులూ చూస్తాయి. టెన్త్ మెమో అందరూ దాచుకుంటారు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు కూడా స్కూలు ముద్రతో తీసుకెళ్లాలి. టీకాల కార్డు సరేసరి.

అపోహ: పార్ట్‌టైమ్ చేసి పాకెట్ మనీ సంపాదించుకుంటారు.

కుదరదు. 2015 నుంచి హెచ్-4 మీదున్న కొందరు జీవిత భాగస్వాములకు ఇస్తున్న పని అనుమతి పిల్లలకు వర్తించదు.

అపోహ: కుటుంబంతో వెళ్లారు, ఇక సెటిలైనట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. పిల్లలకు హెచ్-4 ఉండేది 21 ఏళ్లు నిండేదాకానే. ఉపాధి గ్రీన్‌కార్డులు ఏటా సుమారు 1,40,000. ఒక దేశంలో పుట్టినవాళ్లకు మామూలుగా 7 శాతం మించి ఇవ్వరు. అందుకే మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. తండ్రి వంతు వచ్చేలోపు పిల్లకు 21 దాటితే ఆ వరసలోంచి పేరు జారిపోతుంది. దీన్నే ఏజ్ అవుట్ అంటారు. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం ఉందిగా అంటారు కొందరు. ఆ చట్టం వయసులోంచి తగ్గించేది కంపెనీ వేసిన పిటిషన్ పెండింగులో ఉన్న రోజుల్నే. క్యూలో గడిచిన ఏళ్లు లెక్కలోకి రావు. ప్రీమియం ఫీజు కట్టి వారాల్లో ఆమోదం తెచ్చుకున్నవాళ్లకు తగ్గేవీ ఆ కాసిన్ని రోజులే. తొందరపడినందుకు దక్కే ఫలం చూడండి!

అప్పుడు చాలామందికి మిగిలేది ఎఫ్-1. ఆ ఊళ్లోనే హైస్కూల్ చదివిన పిల్ల, చదువయ్యాక స్వదేశం వెళ్లిపోతానంటూ విదేశీ విద్యార్థిగా మారాలి.

మరి వెళ్లాక డాలస్‌లో తమ్ముడు పుడితే, వాడు పౌరుడే కదా? వాడికి 21 నిండితే గానీ అక్క కోసం పిటిషన్ వేయలేడు. వేసినా తోబుట్టువుల క్యూ పదేళ్లకు పైమాటే.

గ్రీన్‌కార్డు పని ఎప్పుడు మొదలుపెడతారో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే కంపెనీని అడగాలి. పిల్లకు అప్పటికే పద్నాలుగు దాటి ఉంటే, కాలేజీ ఖర్చు విదేశీ విద్యార్థి ఫీజుతో వేసుకోవడమే క్షేమం.