చమురు రైలు బోల్తా పడితే: వింతలు, విశేషాలు

చర్లపల్లి దగ్గరో కొండపల్లి దగ్గరో రైల్వే గేటు పడి, ఎదురుగా గుండ్రటి ట్యాంకుల గూడ్సు బండి పోతుంటే లెక్కపెట్టని పిల్లలుండరు. మన వైపు ఆ ట్యాంకుల్లో పోయేది ఎక్కువగా రిఫైనరీలో శుద్ధయి వచ్చిన పెట్రోలు, డీజిలు. నేలలోంచి తోడిన ముడిచమురునే బండ్లకు బండ్లు పట్టాలెక్కించిన ఘనత అమెరికా, కెనడాలది. నార్త్ డకోటాలో బాకెన్ అనే చోట చమురు విరివిగా పడింది. పైపులైన్లు వేసేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2008లో అమెరికాలోని పెద్ద రైల్వేలన్నీ కలిసి ఏడాది మొత్తానికి సుమారు 9,500 ట్యాంకుల ముడిచమురు మోశాయి. 2013 నాటికి అది నాలుగు లక్షల ట్యాంకులు దాటింది. బండ్లతోపాటు బోల్తాలూ పెరిగాయి. ఎవరూ కోరుకోని రికార్డులు వరసగా నమోదయ్యాయి.

ఈ రికార్డులను లీటర్లలో చెప్పడం రివాజు. కానీ బూట్లేసుకుని ఆ బురదలోకి దిగేవాళ్లు మొదట అడిగేది ఎంత పారిందని కాదు, ఎక్కడికి పారిందని.

38 ఏళ్లను దాటేసిన ఏడాది

1975 నుంచి 2012 దాకా అమెరికా రైళ్ల నుంచి ఒలికిన ముడిచమురు మొత్తం దాదాపు 8 లక్షల గ్యాలన్లు, అంటే 30 లక్షల లీటర్లు. 2013లో ఒక్క ఏడాదిలోనే 11.5 లక్షల గ్యాలన్లు, అంటే 43 లక్షల లీటర్లకు పైగా ఒలికింది. అదే ఏడాది పక్క దేశంలో జరిగిన అతి పెద్ద ప్రమాదం ఈ లెక్కలో లేదు. దాన్నీ కలిపితే అంకె రెట్టింపు దాటుతుంది.

అన్నిటికన్నా ఘోరం: లాక్-మెగాంటిక్

2013 జులై 6. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం. ఆరు వేల జనాభా ఉన్న చిన్న ఊరు. దాని పైన, ఎత్తులో ఉన్న నాంట్ అనే చోట 72 ట్యాంకుల చమురు బండిని రాత్రికి ఆపి, డ్రైవరు నిద్రకు వెళ్లిపోయాడు. బండికి ఆయన ఒక్కడే సిబ్బంది. ఆయన వెళ్లాక ముందున్న ఇంజన్లో మంటలు లేచాయి. ఫైరింజన్ వాళ్లు వచ్చి ఆర్పారు. ఆర్పేటప్పుడు, పద్ధతి ప్రకారమే, ఇంజన్ ఆపేశారు. ఇంజన్ ఆగితే ఎయిర్ బ్రేకుల్లో గాలి మెల్లగా దిగిపోతుంది. ఇక బండిని పట్టి ఉంచాల్సింది చేత్తో తిప్పి బిగించే హ్యాండ్ బ్రేకులే. బిగించినవి 7. కనీసం 17 బిగించాలని, ఒక్కో పరిస్థితిలో 26 దాకా అవసరమని తర్వాత దర్యాప్తు తేల్చింది.

మనిషి లేని బండి వాలులో 11 కిలోమీటర్లకు పైగా దొర్లింది. గంటకు 104 కిలోమీటర్ల వేగంతో అర్ధరాత్రి దాటాక 1.15కి ఊరి నడిబొడ్డున ఉన్న మలుపులో పడింది. 63 ట్యాంకులు పట్టాలు తప్పితే 59 పగిలాయి. సుమారు 60 లక్షల లీటర్లు బయటికొచ్చింది. 47 మంది చనిపోయారు. ముడిచమురు రైలు ప్రమాదాల్లో ప్రాణనష్టం దృష్ట్యా దీన్ని మించింది ఉత్తర అమెరికాలో లేదు.

బాకెన్ చమురు తేలిక రకం, పెట్రోలులా భగ్గుమంటుంది. బండి కాగితాల్లో మాత్రం దాన్ని అంతకంటే తక్కువ ప్రమాదకరమైన తరగతిలో రాశారు. మండుతున్న చమురు రోడ్డు మీద పారి వాననీటి కాలవల్లోకి దిగింది. అక్కడి నుంచి ఎక్కడో వీధి అవతల మ్యాన్‌హోళ్లలోంచి, ఇళ్ల సెల్లార్లలోంచి మంటలై పైకి లేచింది. ఇలాంటి మంట మీద నీళ్లు కొడితే చమురు ఆ నీళ్లమీదే తేలుతూ ఇంకో వీధికి పోతుంది. నురుగు కావాలి. అది చమురు మీద దుప్పటిలా పరుచుకుని గాలి తగలకుండా చేస్తుంది. ఆ ఊళ్లో అంత నురుగు ఎక్కడుంటుంది? క్యుబెక్ నగరం దగ్గరున్న రిఫైనరీ నుంచి తెప్పించారు. దాదాపు 33,000 లీటర్ల నురుగు ద్రావణం ఖర్చయింది. 80 ఊళ్ల నుంచి, సరిహద్దు అవతల అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి కూడా కలిపి వెయ్యి మంది దాకా అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది.

ఇక్కడి వింతల్లో నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది ఇది: మంటల్లో ఊరి నడిబొడ్డున 30కి పైగా భవనాలు పోయాయి. మిగిలినవి 39. వాటి కింద నేలంతా చమురు ఇంకిపోయింది. అందులో 36 భవనాలను, అగ్గి అంటనివాటిని కూడా, కూల్చేయాల్సి వచ్చింది. అంటే నిప్పు మిగిల్చినదాన్ని శుభ్రం చేసే పని తీసుకుపోయింది. గోడలు నిలబడే ఉన్నాయి, కిటికీ అద్దాలు కూడా ఉన్నాయి, అయినా ఆ దుకాణంలోకి మళ్లీ అడుగుపెట్టే వీల్లేదని యజమానికి చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి.

షోడియేర్ నదిలోకి సుమారు లక్ష లీటర్లు పోయింది. మొత్తంలో అది అరవయ్యో వంతే. కానీ ఆ నది నీళ్లే తాగే దిగువ పట్టణాలు పంపులు ఆపేసి వేరే నీటికి వెతుక్కున్నాయి. ఆ తర్వాతి ఏడాది అధ్యయనాల్లో నది చేపల్లో వైకల్యాలు బాగా పెరిగినట్టు తేలింది.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. ఆ రైల్వే కంపెనీకున్న బీమా 2.5 కోట్ల కెనడా డాలర్లు. నెల తిరిగేసరికి కంపెనీ దివాలా తీసింది. బాధితులకు, అప్పులవాళ్లకు, ప్రభుత్వాలకు పంచడానికి చివరికి రకరకాల కంపెనీలు కలిసి వేసిన నిధి సుమారు 45 కోట్ల డాలర్లు.

మైనస్ 31 డిగ్రీల్లో

కెనడాలోనే ఆంటారియో రాష్ట్రంలో గోగామా అనే పల్లె ఉంది. 2015 ఫిబ్రవరి 14న దాని దగ్గర 29 ట్యాంకులు పడి 17 లక్షల లీటర్లు ఒలికింది. అప్పుడు చలి మైనస్ 31 డిగ్రీలు. పట్టా అంత చలికి పెళుసై విరిగే ప్రమాదం ఉంటుంది. విరిగాక పైపుల్లో నీళ్లు, నురుగు గడ్డకడతాయి. బరువు రకం చమురైతే పంపుకు ఎక్కనే ఎక్కదు, ఆవిరి పట్టి కరిగించాలి. ఒక్క లాభం మాత్రం ఉంది: గడ్డకట్టిన నేలలో చమురు త్వరగా ఇంకదు, మంచుతో సహా గీకి ఎత్తేయొచ్చు.

మూడు వారాలు తిరిగేసరికి, మార్చి 7న, అదే లైను మీద, అదే గోగామా దగ్గర మరో బండి పడింది. ఈసారి 39 ట్యాంకులు, 26 లక్షల లీటర్లు. మకామి నది మీది వంతెన కూడా పోయింది.

ఒకే చోట రెండుసార్లు పడ్డ ఊరు ఇదొక్కటే అనుకునేరు. సస్కాచువాన్‌లోని గెర్న్‌సీ దగ్గర 2019 డిసెంబరు 9న ఒకటి పడింది, 15 లక్షల లీటర్లు. 2020 ఫిబ్రవరి 6న అక్కడికి దాదాపు పది కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి. రెండింటి మధ్య రెండు నెలలు కూడా లేవు. ఆ రెండో దెబ్బకు కెనడా ప్రభుత్వం దేశమంతటా ఇలాంటి బండ్ల వేగం తగ్గించమని ఆదేశమిచ్చింది.

మరుగుదొడ్డి వాడొద్దన్న ఊరు

చిన్న ప్రమాదాల్లో నాకు బాగా నచ్చిన కథ, నచ్చింది అనడం తప్పే అయినా, మోజియర్‌ది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, కొలంబియా నది ఒడ్డు, నాలుగొందల పైచిలుకు జనాభా. 2016 జూన్ 3 మధ్యాహ్నం 16 ట్యాంకులు పట్టాలు దిగాయి. ఒలికింది రెండు లక్షల లీటర్లకు లోపే. లాక్-మెగాంటిక్ లెక్కలో ఇది ముప్పయ్యో వంతు కూడా కాదు.

కానీ పడిన చోటు చూడండి. సరిగ్గా దాని కిందనే ఊరి మురుగు కాలవ. పడుతున్న ట్యాంకు మ్యాన్‌హోలును బద్దలు కొట్టడంతో చమురు నేరుగా మురుగునీటి శుద్ధి కేంద్రానికి దారి పట్టింది. అక్కడ మురుగును తినే సూక్ష్మజీవులుంటాయి, వాటి మీద వేల గ్యాలన్ల ముడిచమురు వచ్చి పడింది. కేంద్రం ఆగింది. మరుగుదొడ్లలో నీళ్లు వదలొద్దని, స్నానాలూ బట్టలుతకడాలూ మానుకోమని ఊరికి చాటారు. ఒక విధంగా ఆ కాలవే మేలు చేసింది, లేకపోతే అదంతా కొలంబియా నదిలో కలిసేది. అప్పటికీ నది మీద నూనె పొర తేలింది, అడ్డంగా బూములు పరిచారు. బూమ్ అంటే నీటిమీద తేలే పొడవాటి గొట్టపు కట్ట. చమురును ఒక మూలకు తోలి ఆపుతుంది, అక్కడి నుంచి తెట్టు తీసే యంత్రాలు లాగేస్తాయి.

మంట సంగతి మరో తమాషా. కాలిపోతున్న ట్యాంకు మీద వెంటనే నురుగు కొట్టి లాభం లేదు. ఇనుము బాగా కాగి ఉంటే నురుగు నిలవదు, ముందు ట్యాంకును చల్లబరచాలి. గంటల తరబడి నీళ్లు కొట్టేసరికి ఊరి బావుల్లో నీళ్లు అడుగంటాయి. అటు మురుగు లేదు, ఇటు మంచినీళ్లు లేవు. పక్కనున్న బడిని ముందే ఖాళీ చేయించారు. మంట ఆరేసరికి తెల్లవారుజాము రెండు.

వరదలో పడితే

అయోవా రాష్ట్రంలోని డూన్. 2018 జూన్ 22. నది పొంగి పొలాలన్నీ చెరువులై ఉన్నప్పుడు 32 ట్యాంకులు ఆ నీళ్లలో పడ్డాయి. 8.7 లక్షల లీటర్లు. మంట లేదు, ప్రాణాలు పోలేదు. అయితే దగ్గరికి పోయే దారే లేదు. క్రేన్లు వెళ్లడానికి పట్టాల పక్కన ముందు ఒక తాత్కాలిక రోడ్డు వేసుకోవాల్సి వచ్చింది. కొన్ని కిలోమీటర్ల దిగువనున్న రాక్ వ్యాలీ పట్టణం గంటల్లోనే తాగునీటి బావులు ఆపేసింది. 240 కిలోమీటర్ల దిగువనున్న ఒమాహా నగరం కూడా అప్రమత్తమైంది.

ఇందులో ఉన్నది కెనడా తారు ఇసుకల నుంచి తీసిన బరువైన చమురు. ఈ రకంతో ఇంకో బాధ ఉంది. దాన్ని పల్చన చేయడానికి కలిపిన తేలిక ద్రవాలు గాలికి ఎగిరిపోతే మిగిలిన ముద్ద నీళ్లలో మునగొచ్చు. తేలితే బూము పట్టుకుంటుంది, మునిగితే నది అడుగున వెతకాలి. 2010లో మిషిగన్‌లో పైపులైను పగిలి ఇలాంటి చమురే కాలమజూ నదిలో పడినప్పుడు ఆ అడుగు తోడే పని ఏళ్లపాటు సాగింది. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది.

చమురు తినే పురుగు

ఇక్కడ మన దేశపు పేరొకటి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన బెంగాలీ శాస్త్రవేత్త ఆనందమోహన్ చక్రవర్తి ముడిచమురును విడగొట్టే బ్యాక్టీరియాను తయారుచేశారు. బతికున్న జీవికి పేటెంటు ఇవ్వొచ్చా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో 5-4 మెజారిటీతో ఆయన గెలిచారు. బయోటెక్నాలజీ పరిశ్రమకు తలుపులు తెరిచిన తీర్పు అది. వింతేమిటంటే చట్టచరిత్రలో అంత పేరొచ్చిన ఆ పురుగును అసలు చమురు మీదికి వదిలింది లేదు. మన ‘టేరి’ సంస్థ నేలలో సహజంగా దొరికే బ్యాక్టీరియాలను కలిపి చేసిన ‘ఆయిల్ జాపర్’ మాత్రం చమురు క్షేత్రాల్లో బురద శుభ్రం చేయడానికి వాడకంలోకి వచ్చింది. రైలు పడిన చోట మాత్రం ఏ పురుగైనా ఆఖరున వచ్చేదే. ముందు మిగిలిన చమురును వేరే ట్యాంకుల్లోకి పంపు చేయాలి, ఒలికినదాన్ని సెప్టిక్ ట్యాంకులు తోడే రకం వాక్యూమ్ బండ్లతో పీల్చాలి, తడిసిన మట్టిని తవ్వి లారీలకెత్తాలి. పక్కనే ఒకరు గాలిలో బెంజీన్ ఎంతుందో మీటరు పట్టుకుని చూస్తూ ఉండాలి.

బకెట్ల రికార్డు

యంత్రాలన్నీ ఓడిపోయినప్పుడు ఏమవుతుందో చూడాలంటే చెన్నై వైపు చూడాలి, అది రైలు కాకపోయినా. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని భారీ ఇంధన నూనె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ముద్దగా మారిన ఆ బురదను పీల్చే యంత్రాలు లాగలేకపోయాయి. జాలర్లు, విద్యార్థులు, కోస్ట్ గార్డు వాళ్లు బారులుగా నిలబడి బకెట్లతో తోడారు.

రైలు సంగతికి వస్తే 2025 జులై 13 తెల్లవారుజామున తిరువళ్లూరు దగ్గర డీజిలు బండి ఒకటి పట్టాలు తప్పి 18 ట్యాంకులు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు. అంటుకోని ట్యాంకులను విడదీసి దూరంగా లాగేయడంతో నష్టం అక్కడితో ఆగింది.

అతి చిన్న కారణాలు

లాక్-మెగాంటిక్‌లో మంటలు లేచిన ఇంజన్‌కు అంతకు ఎనిమిది నెలల ముందు రిపేరు చేశారు. అక్కడ వాడాల్సిన గట్టి పదార్థానికి బదులు ఎపాక్సీ లాంటి జిగురు పూశారు. అది చెడి నూనె కారింది, మంట పుట్టింది. మోజియర్‌లో లోపం రైలు పట్టాను స్లీపరుకు బిగించే మరబోల్టులది. తుప్పు పట్టి తెగి ఉన్నాయి. పైనుంచి చూస్తే బోల్టు తల మామూలుగానే కనిపిస్తుంది, తెగిన సంగతి తెలియదు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మౌంట్ కార్బన్‌లో 2015 ఫిబ్రవరి 16న మంచు కురుస్తుండగా 27 ట్యాంకులు పడి, ఒక ఇల్లు కాలి, రెండు తాగునీటి కేంద్రాలు ఆగాయి. కారణం పట్టాలో పగులు. డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి ఆ పట్టాను అల్ట్రాసౌండ్ యంత్రంతో పరీక్షించారు. రెండుసార్లూ పగులు ఆనవాళ్లు రికార్డయ్యాయి. చూసినవాళ్లు దాన్ని పగులు అనుకోలేదు.