కుండీ మట్టికి తోడు: పీటా, కొబ్బరి పొట్టా?

ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను పెరడులేని ఇండ్లు అనేకం. పెరడు లేకున్నా మిద్దె ఉన్నది. మిద్దెమీద నాలుగు కుండీలు పెట్టి తులసినో, మల్లెనో, టమాటానో పెంచుకోవాలన్న కోరిక సహజమైనదే. అయితే పత్తికి ప్రశస్తమైన మన నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే అది ఉబ్బి వేళ్లకు గాలి సోకనీయదు. ఆరితే బిగుసుకొని, కుండీ అంచును వదలి నెర్రెలు విచ్చుతుంది. ఎర్రమట్టి కొంత మేలు. కాని దానికీ, మట్టిని గుల్లపరచి నీటిని పట్టి ఉంచే తోడు ఒకటి కావాలి.

ఈ పనికి లోకంలో పేరుపొందినవి రెండు: పీట్, కొబ్బరి పొట్టు. రెండవదానిని అంగళ్లలో కోకోపీట్ అంటున్నారు. పేరులో పోలికయే గాని పుట్టుకలో వాటికి సంబంధం లేదు.

చలిదేశాల చిత్తడినేలల్లో స్ఫాగ్నమ్ వంటి నాచులు చచ్చి, గాలి సోకని నీటిలో పూర్తిగా కుళ్లక పొరలుగా పేరుకొన్నదే పీట్. ఏడాదికి అది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంటే మీటరు మందానికి వెయ్యేండ్లు. 1930ల్లో ఇంగ్లండులోని జాన్ ఇన్నిస్ సంస్థవారు రూపొందించిన ప్రసిద్ధ మిశ్రమంలో 7 పాళ్లు మట్టి, 3 పాళ్లు పీట్, 2 పాళ్లు ఇసుక ఉండేవి. తరువాత మట్టిని వదలి, పీట్‌నే ప్రధానంగా వాడడం మొదలైనది. పీట్ నేలలు భూభాగంలో సుమారు 3 శాతమే అయినా, వాటిలో అడవుల చెట్లన్నిటికంటె అధికంగా కర్బనం నిలువ ఉన్నది. తవ్వితే అది గాలిలో కలుస్తుంది. ఐర్లండులో 1946లో ఏర్పడిన బోర్డ్ నా మోనా సంస్థ 2021లో పీట్ తవ్వకాన్ని విరమించినది.

కొబ్బరి పొట్టు అట్లు కాదు. డొక్కనుండి పీచు తీయగా రాలే పొడి అది, ఏటేటా వచ్చేదే. ఒకప్పుడు కేరళలో గుట్టలుగా పోసి వదలివేసినది, నేడు ఇటుకలుగా అదిమి దేశదేశాలకు పంపుతున్నారు. మన రాష్ట్రంలో కోనసీమ, మనకు పొరుగున కర్ణాటకలో తుమకూరు ప్రాంతం కొబ్బరికి పుట్టిండ్లు. అయిదు కిలోల ఇటుక నానితే సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది.

ఇక మన ఎండల సంగతి. పీట్ ఒకసారి పూర్తిగా ఎండిందా, నీటిని పీల్చుకోదు. పోసిన నీరు కుండీ గోడవెంట జారి అడుగునుండి పోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన మిద్దెలపై ఇది చిన్న లోపం కాదు. కొబ్బరి పొట్టు ఎండినా తిరిగి సులభంగా తడుస్తుంది. పీట్‌కు పులుపు గుణం అధికం, సున్నం కలపాలి. కొబ్బరి పొట్టుకు సాధారణంగా ఆ అవసరం ఉండదు.

అయినా దానికి దోషాలు లేకపోలేదు. మొదటిది ఉప్పు. డొక్కలోని పొటాషియం, సోడియం లవణాలు పొట్టులో నిలుస్తాయి. మనం పోసేది ఉప్పు బోరునీరైతే ఆ ఉప్పు దీనికి తోడై, ఎండకు నీరు ఆవిరైనకొద్దీ కుండీలో పేరుకొంటుంది. ఆకుల అంచులు మాడుతాయి. కనుక పొట్టును కడిగి వాడాలి. తాగునీటిని ఇందుకు వెచ్చించనక్కరలేదు. వానకాలంలో పొట్టును గోనెసంచిలో నింపి మిద్దె తూము క్రింద ఉంచితే చాలును. నీటి ఎరుపు తగ్గినంతనే ఉప్పు పోయినదనుకోరాదు. ఆ రంగు వేరు, ఉప్పు వేరు. పది ఆవగింజలు పొట్టులోను, పది మంచి మట్టిలోను చల్లి చూడండి. రెండుచోట్ల సమానంగా మొలిస్తే పొట్టు సిద్ధమైనట్లే.

రెండవది నత్రజని కొరత. పచ్చి పొట్టులో నత్రజనికి వందరెట్లకు పైగా కర్బనం ఉంటుంది. దానిని కుళ్లించే సూక్ష్మజీవులు మొక్కకు చేరవలసిన నత్రజనిని తామే తీసికొంటాయి, ఆకులు పసుపుబారుతాయి. కాయర్ బోర్డువారి పిత్‌ప్లస్ అనే శిలీంధ్రంతోను, యూరియాతోను పొట్టును సుమారు నెలరోజులు మాగవేసే పద్ధతి ఉన్నది. అది వీలుకానివారు మాగిన పశువుల ఎరువు తప్పక కలపాలి. ఎర్రమట్టి, కడిగిన పొట్టు, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపితే చాలా మొక్కలకు సరిపోతుంది.

చివరి మాట నీటిని గురించి. పొట్టు పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉండవచ్చును. పైరంగు చూచి రోజూ నీరు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. రెండంగుళాల లోతున వ్రేలు పెట్టి చూచి, తడి లేనప్పుడే పోయాలి. నీరు కరవైన మన సీమలో కొబ్బరి పొట్టువల్ల మనకు కలిగే లాభమంతా ఆ వ్రేలి పరీక్షమీదనే ఆధారపడి ఉన్నది.