జబ్బు తగ్గిన తరువాత పనికి ఎప్పుడు?

జ్వరము తగ్గినది, నోటికి రుచి వచ్చినది. ఇక రేపటినుండి పనికి పోవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వైద్యునియొద్ద సగమే ఉండును. మిగిలిన సగము రోగి చేయు పనిలో ఉన్నది. ఆ రెండవ సగమును వైద్యుడు అడుగుట అరుదు, మనము చెప్పుట మరింత అరుదు.

2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరు వన్‌టౌన్ ప్రాంతములో జరిగినది శ్రోతలకు జ్ఞాపకముండును. నడుచుచున్నవారు నడుచుచున్నట్లే పడిపోయిరి. తల తిరుగుట, వాంతి, కొందరికి నోట నురుగు, కొన్ని నిమిషముల మూర్ఛ. కొలది దినములలో ఆరువందలమందికి పైగా ఆసుపత్రికి వచ్చిరి, ఒకరు మరణించిరి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్తమునందు సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల అవశేషములు కారణమై ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి. అయితే ఇచ్చట మనకు కావలసినది వేరొక సంగతి. వారిలో అనేకులు కొద్దిసేపటికే లేచి కూర్చుండి మామూలుగా మాటలాడిరి, ఒకటి రెండు దినములలో ఇల్లు చేరిరి. కారణమేమి అని ఊరంతయు చర్చించినది. ఇల్లు చేరినవారు పనిలోనికి ఎప్పుడు పోవలెనను మాట మాత్రము మాకు అంతగా వినబడలేదు.

ఇట్లు మూర్ఛవచ్చి కోలుకొనిన ముగ్గురిని ఊహింపుడు. ఒకరు మగ్గముముందు కూర్చుండి తివాచీ నేయువారు. ఒకరు లారీ డ్రైవరు. మూడవవారు కొల్లేటి ప్రక్క చేపలచెరువులో తెల్లవారుజామున ఒంటరిగా దోనెమీద పోయి మేత వేయువారు. ముగ్గురి జబ్బు ఒక్కటే, ముగ్గురును ఒక్కరీతిగనే కోలుకొనిరి. కాని మూర్ఛ మరల వచ్చినచో మొదటివారు పీటమీదినుండి ప్రక్కకు ఒరుగుదురు. రెండవవారు దారిన పోవువారిని కూడ చంపుదురు. మూడవవారు మూడడుగుల నీటిలోనే మునిగిపోవుదురు. కావుననే ఒక్కసారి మూర్ఛ వచ్చినను, వైద్యుడు అనుమతించువరకు బండి తోలుట, ఎత్తులెక్కుట, ఒంటరిగా నీటిలో దిగుట, నిప్పుయొద్దను తిరుగు యంత్రముయొద్దను నిలుచుట కూడదు. ఈ గడువు ఎంతయన్నది మూర్ఛకు కారణమునుబట్టి ఉండును. కొందరికి అది నెలల మాట. డ్రైవింగు లైసెన్సు కోరువారిని మూర్ఛలు గాని, హఠాత్తుగా స్పృహ తప్పుట గాని కలదా అని అడుగుట ఇందుకే. మగ్గము నేయువారు అంతకాలము ఆగవలసిన పని లేకపోవచ్చును. “నేను లారీ తోలుదును”, “నేను దోనెమీద పోవుదును” అని రోగియే ముందుగా చెప్పినగాని, చీటీ వ్రాయు వైద్యునికి ఇది తెలియు మార్గము లేదు.

మూర్ఛ అరుదు, జ్వరము ప్రతి ఇంటిది. డెంగీ విషయమున జనుల లెక్క తలక్రిందులుగా ఉన్నది. ఈ జ్వరము సాధారణముగా మూడవ దినమునకును ఏడవ దినమునకును నడుమ దిగును. రోగి హాయి అనుకొనును. అసలు గండము అప్పుడే ఆరంభము కావచ్చును. జ్వరము దిగిన తరువాతి 24 మొదలు 48 గంటలలో విడువని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మత్తు, అలజడి కనబడినచో ఆసుపత్రికి పరుగెత్తవలెను. జ్వరము దిగిన మరునాడే చొక్కా తొడుగుకొని మిల్లుకు పోవుటకంటె తెలివితక్కువ పని లేదు. ఆ రెండు దినములు గడచినను, నీరసము కొన్ని వారములు ఉండవచ్చును.

ఇతరులకు అంటు జబ్బులలో లెక్క వేరు. ఫ్లూ వచ్చినవారు జ్వరపు మాత్ర వేసికొనకయే 24 గంటలు జ్వరము లేక ఉండవలెను. మాత్రతో అణగిన జ్వరము తగ్గిన జ్వరము కాదు. ఆటలమ్మకు పొక్కులన్నియు పక్కు కట్టవలెను. విరేచనములైనచో అవి ఆగిన తరువాత మరి 48 గంటలు హోటలులో పిండి రుబ్బరాదు, ఇడ్లీ వడ్డింపరాదు. టైఫాయిడ్ మరింత జాగ్రత్త కోరును: జ్వరము పోయినను కొందరి మలములో క్రిములు ఉండును గనుక, వంటవారు పరీక్ష చేయించుకొని వైద్యుని మాటమీదనే వంటశాలకు పోవుట న్యాయము.

మన పెద్దలు అన్నమునకు మెట్లు కట్టిరి. లంఖణము, పిదప జావ, పిదప చారన్నము, బీరకాయ కూర. పథ్యము పెట్టుట ఒక చిన్న పండుగ వంటిది. పనికి మాత్రము ఎవ్వరును మెట్లు కట్టలేదు. నిన్నటివరకు మంచము, నేడు బస్తా! పది దినములు పడుకొనినవాని తొడల కండ క్షీణించును. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బస్తా మోయు హమాలీకి ఆ కండయే పెట్టుబడి. అట్టివారు ముందుగా బజారువరకు నడచి చూచుకొనవలెను. మరునాడు ఉదయము ఒళ్లు మామూలుగా ఉన్నచో ఇంటిలో నీటి బిందెలు మోసి చూడవలెను. మూడవ మెట్టు పూట పని. అలసట ఒక రాత్రి నిద్రతో తీరకున్నచో ఒక మెట్టు దిగవలెను. సాధారణపు నడుమునొప్పి మాత్రము దీనికి వ్యతిరేకము. దానికి మంచముకంటె మెల్లగా తిరుగుటయే మేలని నేటి వైద్యుల మాట.

ఇంతయు చెప్పుట సులభము, కూలి లేక ఇంట కూర్చుండుట సులభము కాదు. ఈ.ఎస్.ఐ. పథకమున చేరిన కార్మికునికి, ఆరు నెలల చందా కాలములో కనీసము 78 దినములకు చందా చెల్లియున్నచో, జబ్బు కాలములో సగటు కూలిలో నూటికి 70 వంతులు ఏడాదికి 91 దినములవరకు లభించును. వైద్యుని ధ్రువపత్రము ఉండవలెను. తమకు ఈ హక్కు కలదని తెలియకయే నీరసముతో యంత్రము ముందు నిలుచువారు కలరు. ఇంటి ఇల్లాలికి అట్టి పత్రము వ్రాసి ఇచ్చువారే లేరు. ఆమె పథ్యము తిన్ననాడే అందరికిని వండును.

హమాలీకి, చెరువుమీది కూలికి, ఆటో తోలువానికి సాధారణముగా ఆ ఆధారము లేదు. వారి విషయమున నిర్ణయము చేయునది వైద్యుడు కాదు, బియ్యపుడబ్బా. అయినను మార్కెట్టులో బరువు లేని పనులు లేకపోలేదు. బస్తాల లెక్క వ్రాయుట, గోనెసంచుల మూతి కుట్టుట, కుళ్లిన ఉల్లిపాయలు ఏరుట వంటివి వారముపాటు జబ్బు లేచినవానికి వదలుటకు ముఠా మేస్త్రీ ఒక్కమాట అన్న చాలును.