పైరువేట్ ఫాస్ఫేట్ డైకైనేజు

పైరువేట్ ఫాస్ఫేట్ డైకైనేజు కొన్ని సూక్ష్మజీవులలోను, మొక్కలలోను ఉండే ఒక ఎంజైము. మానవ శరీరంలో ఇది లేదు. మనిషి పెద్దప్రేగులో చేరి జిగట విరేచనాలు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణ పరాన్నజీవిలో గ్లూకోజు పైరువేట్‌గా మారే మార్గంలోని చివరి మెట్టును ముఖ్యంగా ఇదే నడిపిస్తుంది.

వ్యాధి

ఈ అమీబా సిస్టు రూపంలో మలంతో బయటపడి, నీటి ద్వారా, కడగని పచ్చికూరల ద్వారా మరొకరి కడుపులోకి చేరుతుంది. విజయవాడ గుండా ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. దిగువన డెల్టా గ్రామాలు అనేకం కాలువ నీటిని చెరువులలో నింపుకొని తాగునీటికి వాడుకుంటాయి. అందుచేత ఆ నీటిలో మురుగు కలవడం చిన్న విషయం కాదు. తాగునీటిలో కలిపే మామూలు మోతాదు క్లోరినుకు సిస్టులు సులభంగా లొంగవు. నీటిని మరగకాస్తే చస్తాయి. అమీబా ప్రేగు గోడను తొలిచి రక్తం ద్వారా కాలేయానికి చేరితే అక్కడ ఏర్పడే చీముగడ్డ ప్రాణాంతకం కావచ్చు.

పనిచేసే తీరు

అమీబాలో శ్వాసక్రియ జరిపే మైటోకాండ్రియాలు లేవు, వాటి అవశేషాలు మాత్రమే ఉన్నాయి. కనుక గ్లూకోజును విడగొట్టగా వచ్చే ఏటీపీయే దానికి ప్రధాన ఆధారం. మన కణాలలో చివరి మెట్టున పైరువేట్ కైనేజు ఏడీపీని ఏటీపీగా మారుస్తుంది. డైకైనేజు ఏఎంపీని, పైరోఫాస్ఫేటును తీసుకొని ఏటీపీని తయారుచేస్తుంది. పైరోఫాస్ఫేటు కణంలోని ఇతర నిర్మాణ క్రియలలో మిగిలిపోయే తుక్కు వంటిది. ఇదే మార్గంలో ముందుగా వచ్చే ఫాస్ఫోఫ్రక్టోకైనేజు కూడా అమీబాలో ఏటీపీకి బదులు పైరోఫాస్ఫేటునే వాడుకుంటుందని 1974లో తెలిసింది. లెక్క ప్రకారం ఈ మార్గంలో ఒక గ్లూకోజు అణువుకు మన కణాలకు నికరంగా 2 ఏటీపీలు మిగిలితే, అమీబాకు 5 వరకు గిట్టుతాయి. తుక్కుతో సంసారం నడపడమంటే ఇదే!

చరిత్ర

అమీబాను 1875లో లోష్ గుర్తించినా, చాలాకాలం దానిని బాక్టీరియాతో కలిపి తప్ప పెంచడం సాధ్యం కాలేదు. అటువంటి వర్ధనంలో దొరికిన ఎంజైము అమీబాదో, బాక్టీరియాదో తేల్చడం కష్టం. 1961లో డైమండ్ దానిని ఒంటరిగా పెంచగలిగిన తరువాత దారి సుగమమైంది. 1968లో అమెరికా శాస్త్రవేత్త రీవ్స్ అమీబాలో డైకైనేజును కనుగొన్నాడు. అదే సంవత్సరం హాచ్, స్లాక్ దానిని మొక్కలలో వర్ణించారు. ఉయ్యూరు ప్రాంతపు చెరకులో ఉన్నదీ ఈ రకం ఎంజైమే, కాని అక్కడ చర్య ఎదురు దిశలో నడుస్తుంది.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలచుకోవాలి. 1929లో కండరాలలో ఏటీపీని గుర్తించినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫేటును కొలిచే పద్ధతిని ఆయన, ఫిస్క్ కలిసి 1925లో ప్రచురించారు. ఫాస్ఫేటును విడుదల చేసే ఎంజైముల పరీక్షలలో ఆ పద్ధతి ఎంతో ఉపకరించింది.

చికిత్స

మనిషిలో లేని ఎంజైము కాబట్టి దీనిని అడ్డుకొంటే అమీబా మాత్రమే చస్తుందన్న ఆశ సహజం. అయితే 2004లో అమీబాలో పైరువేట్ కైనేజు కూడా ఉన్నట్లు తేలడంతో ఒక దారి మూస్తే మరొక దారి మిగిలే అవకాశం కనిపించింది. డైకైనేజుపై పనిచేసే మందు ఇంతవరకు వైద్యంలోకి రాలేదు. వాడుకలో ఉన్న మెట్రోనిడజోల్ వేరే దారిలో, అమీబా కణంలోని ఎలక్ట్రాన్లను గ్రహించి విషంగా మారి దానిని చంపుతుంది. ప్రేగులో మిగిలే సిస్టుల కోసం డైలోక్సనైడ్ వంటి రెండవ మందు కూడా అవసరమవుతుంది.