చూడకుండా ఇచ్చే యంత్రం

హైదరాబాద్ ఎల్బీ నగర్ చౌరస్తాలో రాత్రి పదయినా విజయవాడ బస్సుల కోసం జనం బ్యాగులతో నిలబడే ఉంటారు. ఆ పక్కనే ఒక ఏటీఎం గది. మా అన్న కొడుకు లోపలికి వెళ్ళి కాసేపటికి ఉత్త చేతులతో బయటికొచ్చాడు. "బాబాయ్, పైసలు రాలేదు. ఫోన్‌కి మాత్రం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది" అన్నాడు. పదివేల రూపాయలు. చేతిలో వేలెడంత స్లిప్పు ఒక్కటే మిగిలింది.

వాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి, అక్కడే కోచింగ్ తీసుకుని, డాలస్ వెళ్ళి స్థిరపడి, ఇప్పుడు అమెరికా పౌరుడయ్యాడు. ఇంట్లో పెళ్ళికి వచ్చాడు. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా వాడికి తెలియని సందు లేదు. అయినా ఆ గదిలో వాడు విదేశీయుడే. కార్డు అక్కడిది, ఖాతా అక్కడిది, పోయిన డాలర్లూ అక్కడివే. పోని నోట్లు మాత్రం ఇక్కడ, ఆ ఇనుప పెట్టెలోనే ఉన్నాయి. అవి అందులోనే ఉన్నాయని రుజువు చేసేదెలా? ఆ ప్రశ్నే నన్ను ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాల దాకా తీసుకెళ్ళింది.

ఏటీఎం కథ మొదలుపెడితే ఆశ్చర్యంగా మన దేశపు పేరే తగులుతుంది. లండన్ ఉత్తర భాగంలోని ఎన్‌ఫీల్డ్‌లో బార్క్‌లేస్ బ్యాంకు గోడలో 1967 జూన్ 27న మొదటి నగదు యంత్రం పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని తయారుచేయించిన జాన్ షెపర్డ్ బారన్ 1925లో షిల్లాంగ్‌లో పుట్టాడు. ఒక శనివారం బ్యాంకు మూసేశాక వెళ్ళి డబ్బు దొరక్క తిరిగొచ్చిన ఆయనకు, నాణెం వేస్తే చాక్లెట్ ఇచ్చే పెట్టె గుర్తొచ్చింది. చాక్లెట్ బదులు నోట్లు రాకూడదా అనుకున్నాడు. ఆయన పనిచేసింది డి లా ర్యూ సంస్థలో. అది నోట్లు ముద్రించే సంస్థ. నోట్లు అచ్చేసే ఇంట్లోనే నోట్లు పంచే పెట్టె కూడా పుట్టిందన్నమాట.

ఆ యంత్రం ప్లాస్టిక్ కార్డుతో పనిచేసేది కాదు. కార్బన్-14 అనే స్వల్ప రేడియోధార్మిక పదార్థం పూసిన కాగితపు చెక్కును పెట్టెలో పెట్టాలి. యంత్రం ఆ రేడియోధార్మికతను పసిగట్టి చెక్కు సరైనదేనని నమ్మేది. ఒకసారికి 10 పౌండ్లు ఇచ్చేది. ప్రమాదం కాదా అని అడిగినవాళ్ళకు, ఒంటికి హాని జరగాలంటే అలాంటి చెక్కులు 1,36,000 తినాలని లెక్క కట్టి చెప్పేవాడు షెపర్డ్ బారన్. రహస్య సంఖ్యకు ఆరు అంకెలు పెడదామనుకున్నాడు. నాలుగు మించి నాకు గుర్తుండవని భార్య కారొలిన్ వంటింటి బల్ల దగ్గర తేల్చి చెప్పడంతో నాలుగుకు దిగాడు. కార్డు, పిన్ కలిసిన పద్ధతికి జేమ్స్ గుడ్‌ఫెలో అనే స్కాట్లండ్ ఇంజనీరు 1966లోనే పేటెంటు కోరాడు. ఎవరు ముందన్న తగవు ఏళ్ళ తరబడి నడిచింది. నా వరకు ఇద్దరికీ సమాన వాటా ఇస్తాను. ఒకరు డబ్బిచ్చే చేతిని చేస్తే, ఇంకొకరు తలుపు తట్టింది ఎవరో తెలుసుకునే ఉపాయం చెప్పారు.

మన దేశానికి ఈ పెట్టె 1987లో ముంబయికి వచ్చింది, హెచ్ఎస్‌బీసీ తెచ్చింది. అప్పట్లో ఏ బ్యాంకు కార్డు ఆ బ్యాంకు పెట్టెలోనే. ఆ గోడలు కూలడంలో మన ఊరికి పెద్ద పాత్ర ఉంది, మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో ఐడీఆర్‌బీటీ అనే పరిశోధన సంస్థను పెట్టింది. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఉంటుంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే దగ్గరే. బ్యాంకుల ఏటీఎంలన్నిటినీ ఒకదానికొకటి కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ఆ సంస్థే నడపడం మొదలుపెట్టింది. 2009 చివర్లో అది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. కొత్తపేటలో ఒక బ్యాంకు పెట్టెలో మరో బ్యాంకు కార్డు పెట్టి డబ్బు తీసుకుంటున్నామంటే, ఆ ప్రశ్నాజవాబులు దాటే వంతెన కట్టింది మాసబ్‌ట్యాంక్‌లో.

ఇక పెట్టె లోపలికి వెళ్దాం.

కింద ఉక్కు ఖజానాలో మూడో నాలుగో క్యాసెట్లు ఉంటాయి. ఒక్కో క్యాసెట్‌లో ఒకే విలువ నోట్లు, సుమారు రెండు వేలు పట్టేంత చోటు. బ్యాంకు కంప్యూటరు సరేనన్నాక, ఒక రకం యంత్రంలో రబ్బరు కప్పులు గాలి పీల్చి నోటును ఎత్తుతాయి, ఇంకో రకంలో రబ్బరు చక్రాలు రాపిడితో లాగుతాయి. మనకు వినిపించే గరగర చప్పుడు అదే. దారిలో ఒక సెన్సారు ప్రతి నోటు మందం చూస్తుంది. రెండు నోట్లు అంటుకుని వచ్చినా, నోటు మడతపడినా పక్కనున్న తిరస్కరణ పెట్టెలోకి నెట్టి కొత్త నోటు లాగుతుంది. చివరికి కట్టగా పేర్చి తలుపు దగ్గరికి తెస్తుంది.

ఈ ప్రయాణం మొత్తంలో నోటు అసలుదా నకిలీదా అని ఎవరూ చూడలేదు. మామూలు ఏటీఎం చూసేది మందమూ కొలతా మాత్రమే. ఐదొందల నోటంటే దాని దృష్టిలో 150 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కాగితం. గాంధీ బొమ్మ దానికి కనిపించదు. ఏ క్యాసెట్‌లో ఏ నోట్లున్నాయో మనిషి చెప్పినదాన్నే అది నమ్ముతుంది. మనం జమ చేసే నోట్లు తీసుకునే యంత్రం సంగతి వేరు. దానికి అతినీలలోహిత కాంతి, పరారుణ కాంతి, అయస్కాంత సెన్సార్లు అన్నీ ఉంటాయి. నోటు కాగితం పత్తితో చేసింది కాబట్టి అతినీలలోహిత కాంతిలో వెలగకుండా ఉంటుంది. బజారు తెల్లకాగితంలో తెలుపు కోసం కలిపే రసాయనం వల్ల అది నీలంగా మెరిసి దొరికిపోతుంది. మన దగ్గర తీసుకునేటప్పుడు అన్ని కళ్ళూ తెరిచే సాంకేతికత, మనకిచ్చేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. ఇది నాకు న్యాయంగా తోచదు.

2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దుతో ఈ గుడ్డితనం దేశమంతటికీ అనుభవంలోకి వచ్చింది. పాత ఐదొందల నోటు 167 మిల్లీమీటర్ల పొడవు, పాత వెయ్యి నోటు 177. కొత్త రెండు వేల నోటు 166, కొత్త ఐదొందలు 150. వెడల్పూ 73 నుంచి 66కు తగ్గింది. కొత్త నోట్లు ముద్రణ అయి వచ్చినా క్యాసెట్లలో ఇమడలేదు. దేశంలోని రెండు లక్షల పైచిలుకు ఏటీఎంల దగ్గరికి మనుషులు వెళ్ళి, తలుపు తీసి, కొలతలు మార్చాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు పొద్దున్నే వరసల్లో నిలబడ్డ రోజులవి. మొదట్లో రోజుకు దొరికింది రెండు వేలు.

దేశం బయట ఉన్నవాళ్ళ కష్టం ఇంకో రకం. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ విదేశీ డబ్బును వారానికి 5,000 రూపాయలకు మించి మార్చుకోవడానికి వీల్లేకపోయింది, ఆ వివరం పాస్‌పోర్టులో రాయించుకోవాల్సి వచ్చింది. ప్రవాస భారతీయులకు పాత నోట్లు మార్చుకోవడానికి 2017 జూన్ 30 దాకా గడువిచ్చారు. అది కూడా ముంబయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగ్‌పూర్ రిజర్వ్ బ్యాంకు కార్యాలయాల్లోనే. సైఫాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు కళ్ళెదుటే ఉన్నా, శంషాబాద్‌లో దిగిన ఎన్నారై నాగ్‌పూర్ రైలెక్కాల్సి వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ నిర్ణయం నాకు అర్థం కాలేదు.

ఏటీఎం నుంచి దొంగనోటు వస్తుందా అని చాలామంది అడుగుతారు. వస్తుంది. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ సంగం విహార్‌లోని ఒక ఏటీఎం నుంచి 'చిల్డ్రన్ బ్యాంక్' అని అచ్చేసిన రెండు వేల నోట్లే వచ్చాయి. కొలత సరిపోయింది, అంతే. అందుకే వంద, ఆపై నోట్లను యంత్రాలతో వడపోశాకే ఏటీఎంలో పెట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఏటీఎం నుంచి నకిలీ నోటు వస్తే ఆ బ్యాంకే దాన్ని చలామణీ చేయబోయినట్టు భావిస్తామని కూడా చెప్పింది. నియమం గట్టిదే. కానీ మామూలు ఏటీఎం నోట్ల నంబర్లు రాసిపెట్టుకోదు, స్లిప్పు మీదా ఉండవు. గది దాటి బయటికొచ్చాక ఈ నోటు ఇందులోంచే వచ్చిందని చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను అక్కడే ఐదొందల నోట్లు ఒక్కొక్కటీ కెమెరా ముందే వెలుగుకు పెట్టి చూస్తాను. వెనక వరసలో ఎవరన్నా విసుక్కున్నా సరే.

ఊళ్ళో ఉండేవాళ్ళకు ఆ చూపు చేతివేళ్ళలోనే ఉంటుంది. కొత్తపేట పళ్ళ బండి అతను నోటును చూడడు, బొటనవేలితో తడుముతాడు. గాంధీ బొమ్మ, అశోక స్తంభం, అంచున ఉన్న ఐదు గీతలు అతని వేలికి ఉబ్బుగా తగలాలి. వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. విదేశం నుంచి వచ్చినవాడికి ఆ వేలు ఉండదు. మావాడికీ పోయింది. వాడు వెళ్ళేనాటికి ఉన్న నోట్లు వేరు, ఇప్పటివి వేరు. బ్యాంకు కౌంటర్‌లో నకిలీ నోటు తేలితే ముద్ర వేసి తీసేసుకుంటారు, బదులు డబ్బివ్వరు, రసీదు ఇవ్వాలి. ఒకేసారి నాలుగు వరకు దొరికితే నెలాఖరు నివేదికలో పోలీసులకు చెబుతారు. ఐదో, అంతకు మించో దొరికితే వెంటనే ఎఫ్ఐఆర్. తెలియక మోసపోయినవాడు నేరస్థుడు కాడు. నకిలీదని తెలిసీ ఇంకొకరికి అంటగడితే మాత్రం భారతీయ న్యాయ సంహిత ఊరుకోదు. వీసా మీద వచ్చినవాళ్ళు ఆ రసీదు అడగడానికే భయపడతారు. భయపడకుండా అడగాలి, వాళ్ళ అమాయకత్వానికి అదే సాక్ష్యం.

మళ్ళీ ఎల్బీ నగర్‌కి వద్దాం.

డబ్బు రాకుండా ఖాతా ఎందుకు తగ్గుతుంది? వరస అలాంటిది. ముందు బ్యాంకు ఖాతాలో తగ్గిస్తుంది, తర్వాత యంత్రానికి ఇవ్వమని చెబుతుంది. నోటు ఇరుక్కుంటే యంత్రం 'ఇవ్వలేదు, తిరిగి వేయండి' అని కబురు పంపాలి. సరిగ్గా ఆ క్షణంలో లైను తెగితే ఆ కబురు చేరదు. కానీ యంత్రం మరిచిపోదు. ఎలక్ట్రానిక్ జర్నల్ అనే చిట్టాలో సెకన్లతో సహా రాసుకుంటుంది: కార్డు వచ్చింది, పిన్ నొక్కారు, నోట్లు ఎత్తాను, ఇరుక్కుంది. నోట్లు నింపేవాళ్ళు వచ్చి లెక్కపెట్టినప్పుడు పదివేలు ఎక్కువ తేలుతుంది. చిట్టా, బ్యాంకు లెక్క, పెట్టెలోని నగదు, ఈ మూడూ పక్కపక్కన పెడితే నిజం తెలుస్తుంది. కళ్ళు లేని యంత్రానికి జ్ఞాపకం మాత్రం దిట్టంగా ఉంది.

మన కార్డయితే దీనికి గడువుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు పరిహారం. అడగకుండానే ఇవ్వాలి. అయితే అదే ఆదేశంలో ఇంకో మాట ఉంది: డబ్బు బయల్దేరే చోటూ చేరే చోటూ భారతదేశంలో ఉన్న లావాదేవీలకే ఇది వర్తిస్తుంది. మావాడి కార్డు అడిగిన ప్రశ్న అంతర్జాతీయ కార్డు సంస్థ దారిలో డాలస్ చేరింది. కాబట్టి ఐదు రోజుల గడియారం వాడి కోసం తిరగదు. మర్నాడు బ్రాంచికి వెళ్తే, "మీ కార్డిచ్చిన బ్యాంకులో కంప్లయింట్ పెట్టండి సార్" అన్నారు. అన్నది నిజమే. కానీ రోడ్డున పడ్డ మనిషికి అది తలుపు మూసినట్టే వినిపిస్తుంది.

వాడికి తెరుచుకున్న తలుపు అమెరికా చట్టంలో ఉంది. ఖాతాలో తప్పు జరిగిందని స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు చెబితే, బ్యాంకు 10 పని దినాల్లో తేల్చాలి. తేల్చలేకపోతే ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో వేసి విచారణ సాగించాలి. మామూలుగా దానికి 45 రోజులు, విదేశంలో జరిగిన లావాదేవీ అయితే 90. ఆ లోపు ఇక్కడి బ్యాంకు తన యంత్రపు చిట్టా చూపించి, డబ్బు ఇచ్చామో ఇవ్వలేదో చెప్పుకోవాలి. ఆ చిట్టాలో మావాడి లావాదేవీ ఏదో వెతకడానికి తేదీ, సమయం, యంత్రం నంబరు కావాలి. అవన్నీ ఉన్నది ఆ వేలెడంత స్లిప్పు మీద.

ఆ రాత్రే వాడి చేత స్లిప్పుకు ఫోటో తీయించాను. వాడు నవ్వి, కాగితం నా దగ్గరే ఉందిగా బాబాయ్ అన్నాడు. ఆ కాగితం మీద సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే రసాయనం పూత ఉంటుంది, యంత్రం వేడి చుక్కలతో అక్షరాలు తేలుస్తుంది. ఎండ, ప్లాస్టిక్ కవరు, చేతి చెమట, ఏది తగిలినా మెల్లగా వెలిసిపోతుంది. వాడు దాన్ని పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవరులో దాచుకుని విమానమెక్కాడు.

డాలర్లు తాత్కాలికంగా రెండు వారాల్లో పడ్డాయి. మూడో నెలలో అవి వాడివేనని ఉత్తరం వచ్చింది. ఆ రోజు ఫోన్‌లో రెండు ఫోటోలు పంపాడు. ఒకటి ఉత్తరం. రెండోది ఎల్బీ నగర్ స్లిప్పు, ఒక్క అక్షరమైనా లేని తెల్ల కాగితం.